కుంకుడు వాసన

కొండవాలున, పెద్ద రాతిచరియ కింద జంతువుల ఆసుపత్రి ఉండేది. పెద్ద డాక్టరు ఏనుగమ్మ. గాయాలు కడిగి కట్లు కట్టే పని నక్కదీ, ముంగిసదీ. ఏనుగమ్మ పెట్టిన నియమం ఒక్కటే: ఒక రోగిని ముట్టుకున్నాక వాగులో కుంకుడు రసంతో చేతులు తోముకున్న తర్వాతే ఇంకో రోగి దగ్గరికి వెళ్లాలి. ఆమెకు చూపు మందగించింది. అందుకని తొండం చాచి వాళ్ల చేతులు వాసన చూసేది.

మాఘమాసపు చలి. ముంగిస వణుకుతూ వాగులోంచి వచ్చింది.

"ఎన్నిసార్లు దిగుతావు అల్లుడూ, చేపవా?" అంది నక్క.

"పెద్దమ్మ వాసన చూస్తుందిగా మామా."

"వాసనే కదా చూసేది. ఒక కాయ నలిపి చేతికి రుద్దుకో, చాలు. గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం."

"రోగులకు ఏమన్నా అయితే?"

"నేను వాగులో దిగి ఎన్నాళ్లయిందో. ఎవరు చచ్చారు?"

ముంగిసకు ఆ మాట నచ్చింది. చలిలో ఎవరికి నచ్చదు?

ఆ మధ్యాహ్నమే కంచెముల్లు చీరుకున్న కాలితో దుప్పి వచ్చింది. వెంట పాలు తాగే పిల్ల.

"త్వరగా నయం చెయ్యి నక్కన్నా. దీనికింకా మేత పట్టలేదు."

"నా చేతిలో పడ్డావుగా, రేపటికి గెంతుతావు" అంది నక్క. అప్పుడే అది అడవిపంది పుండులో చీము పిండి వచ్చింది. ఏనుగమ్మ తొండానికి మాత్రం కుంకుడు వాసన గుప్పున తగిలింది.

దుప్పి మళ్లీ లేవలేదు. కాలు వాచింది, జ్వరం ముదిరింది. పిల్ల పొదుగు వెతుక్కుంటుండగానే ప్రాణం పోయింది.

"దాని తలరాత" అంది నక్క. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. రాసింది తను, పేరు బ్రహ్మది.

కొన్నాళ్లకు వేటగాడి ఉచ్చులో పడి నక్క కాలు చీలిపోయింది. ఈడ్చుకుంటూ వచ్చి ఆసుపత్రిలో పడుకుంది. ముంగిస పక్కనున్న పంది పుండు కడిగి, కాయ నలిపి రుద్దుకుని, నేరుగా నక్క దగ్గరికొచ్చింది.

"వాగుకు పోయి రా అల్లుడూ" అంది నక్క.

"చలి మామా. అయినా నువ్వు నేర్పిన పద్ధతేగా."

ఏనుగమ్మ తొండం చాచి చూసి, "శుభ్రంగానే ఉంది, కట్టు కట్టు" అంది.

నక్క నోరు తెరిచింది. నిజం చెబితే దుప్పి సంగతి బయటపడుతుంది. నోరు మూసుకుని కాలు చాపింది.

సాయంత్రానికి జ్వరం వచ్చింది. భయం పట్టలేక ఏనుగమ్మను పిలిచి అంతా చెప్పేసింది.

"దుప్పి కోసం రాని మాట నీ కాలి కోసం వచ్చిందా?" అంది ఏనుగమ్మ.

కట్టు విప్పించింది, ముంగిసను వాగుకు తరిమి మళ్లీ గాయం కడిగించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. నక్క దక్కలేదు.

ఆనాటి నుంచి ఏనుగమ్మ వాసన చూడడం మానేసి, తనే వాగులో దిగి అందరి చేతులూ దగ్గరుండి కడిగిస్తోంది. దుప్పి పిల్ల మాత్రం ఇంకా తల్లి కోసం అరుస్తూనే ఉంది.

పెద్దలను మోసం చేయగల చెయ్యి పుండును మోసం చేయలేదు.