కంటి శిబిరం మెయిళ్లు

పరాంకుశం గారిని ఏదైనా అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పింది తక్కువ. ఒక ఉదయం శిష్యుడు కేశవాచారి అడిగాడు: "గురువుగారూ, తప్పు జరిగిందని తెలిసిన క్షణమే దిద్దుకోవాలి కదా?" ఆయన కండువా దులుపుకుని, "ముందు ఆఫీసు గది తెరువు" అన్నారు.

మర్నాడే ఆశ్రమంలో కంటి ఆపరేషన్ల శిబిరం. ఏ ఊరినుంచి ఎవరొస్తున్నారో, వాళ్లలో షుగరెవరికుందో, అంతా మెయిళ్లలోనే వచ్చింది. ఆ మెయిళ్లను ఆఫీసు కంప్యూటరులోనూ బయటి సర్వరులోనూ ఒక్కలాగే ఉంచే సాఫ్ట్‌వేరొకటి ఉంది. ఇక్కడ చేరింది అక్కడా చేరుతుంది, ఇక్కడ పోయింది అక్కడా పోతుంది. దానికి కొత్త వెర్షన్ కిందటి సాయంత్రం వేసింది కేశవుడే.

తెరిచి చూస్తే సగానికి సగం మెయిళ్లు లేవు. షుగరున్న ముసలమ్మ కంట్లో తెలియక కత్తి పెడితే? కేశవుడు గబగబా రెండుచోట్లనూ సరిచేసే సింక్ బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఆగలేక మళ్లీ నొక్కాడు.

వెనకనుంచి గురువుగారు, "ఇందాకటికంటే పెరిగాయా, తగ్గాయా?" అన్నారు.

"తగ్గాయి గానీ, ఇంకొక్కసారి నొక్కితే..."

ఆయన వంగి, గది మొత్తానికి నెట్ వచ్చే వైరు పీకి పారేశారు.

"అయ్యో! వచ్చేవి ఆగిపోయాయండీ!"

"రావడం నువ్వు చూశావుటోయ్?"

అప్పుడు తట్టింది కేశవుడికి. కొత్త వెర్షన్ ఇక్కడి పాత మెయిళ్లను గుర్తుపట్టలేక లేవనుకుంది. తను నొక్కినప్పుడల్లా ఆ లేమినే మోసుకెళ్లి సర్వరులోనూ తుడిచింది.

నరసింహమనే మరో శిష్యుడు పోయిన శిబిరం మధ్యలో పెళ్లికని వెళ్లిపోయి, శిబిరం ముగిశాక తిరిగొచ్చాడు. ఏడాదైంది. గురువుగారు అతని పేరెత్తడం మానేశారు. ఇప్పుడూ ఎత్తలేదు. "ఆ పెళ్లిపెద్ద నిన్న మధ్యాహ్నమే లాప్‌టాప్ మూసేసి కునుకు తీశాడు. అందులోనూ ఇవే మెయిళ్లు. బీరువాలో ఉంది, తియ్యి."

తెరిస్తే మెయిళ్లన్నీ ఉన్నాయి. ఊళ్లు, పేర్లు, షుగరు, బీపీ, అన్నీ. కేశవుడి కళ్లు చెమ్మగిల్లాయి. "ఇప్పుడే సర్వరుకు ఎక్కించేస్తాను" అంటూ వైరుకోసం వణికే చేయి చాచాడు. అది తగిలిస్తే ఈ లాప్‌టాపూ ఖాళీ అయిపోతుందని అతనికి తట్టనేలేదు.

గురువుగారు వైరు మీద కాలు వేసి నిలబడ్డారు.

"ముందు ఆ వణుకు తగ్గనీ నాయనా."