బామ్మర్దికి లేని ముడి

అనగనగా ఒక ఊరు. ఊరి పేరు నల్లగుట్టపాడు. ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి రండి, ఆవలించేవాళ్ళు అవతలికి జరగండి. ఈ కథలో ఒక గాడిద ఉంది. దాని వంతు వచ్చేసరికి ఎవరైనా నిద్రపోయారో, నాకు మా చెడ్డ కోపమొస్తుంది!

ఆ ఊళ్ళో రాళ్ళు మెండు, ఇళ్ళు కట్టుకునేవాళ్ళూ మెండే. ఇల్లు కట్టేచోట ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు జారి పడతారు గదా! అందుకని ఆ దేశపు రాజుగారి తాత ఏనాడో ఒక ఏర్పాటు చేశాడు. ఊరి నడుమ ఒక చావడి, చావడిలో ఒక జొన్నల గాదె, గాదె పక్కన విరిగిన ఎముకకు కట్టు కట్టే వైద్యుడు.

ఇల్లు కట్టుకునేవారు ముందే చావడికి వెళ్ళి, పనిలో చెయ్యి పెట్టేవాళ్ళందరి పేర్లూ చెప్పాలి. కూలికి వచ్చినా సరే, ఊరికే సాయానికి వచ్చినా సరే. తలకొక మానికెడు జొన్నలు గాదెలో పొయ్యాలి. చావడి పెద్ద ఆ ఇంటి పేరున ఒక తాడు వేలాడదీసి, మనిషికొక ముడి వేస్తాడు. ఆ మనిషి పనిలో పడ్డాడా, వైద్యుడు పరుగున వస్తాడు. కాలు నిలిచేదాకా అతని ఇంటికి జొన్నలు, అతని పొలానికి దున్నేవాడు చావడి నుంచే వెళతారు. మధ్యలో కొత్తవాళ్ళు పనిలోకి వస్తే, ఆ పొద్దు గూకేలోగా వచ్చి ఆ మాట చెప్పాలి. అంతకన్నా బరువైన నియమం ఒక్కటీ లేదు.

ఆ యేడు ఒకే వీధిలో ఎదురెదురుగా రెండిళ్ళు లేస్తున్నాయి. ఒకటి ఓబులమ్మవ్వ బుల్లి మిద్దె. రెండోది తమలపాకులమ్మే కోనప్ప నాలుగు గదుల మిద్దె. కోనప్ప చెడ్డవాడు కాడు, పిసినారి అసలే కాడు. అతని జబ్బల్లా ఒకటే, నలుగురూ ఏమనుకుంటారోనని బెంగ.

పని మొదలయ్యే రోజు ఇద్దరూ చావడికి వెళ్ళారు. అవ్వ ఇద్దరు మేస్త్రుల పేర్లు, తన పేరు, మనవరాలి పేరు చెప్పింది. నాలుగు ముళ్ళు పడ్డాయి. కోనప్ప ఆరుగురు కూలీల పేర్లు చెప్పాడు. ఆరు ముళ్ళు పడ్డాయి.

"ఇంకెవరైనా ఉన్నారా కోనప్పా?" అని అడిగాడు చావడి పెద్ద గురవయ్య.

ఉన్నాడు! కోనప్ప భార్య రంగమ్మకు తమ్ముడు, తిరుపాలు. పక్క ఊళ్ళో దుక్కి దున్నుకునేవాడు, బావ ఇల్లు కడుతున్నాడని తెలిసి తాపీ చేత పట్టుకుని, పిలవకుండానే వచ్చి వాలాడు. బావ బాగు కోరేది బామ్మర్దేనని ఊరికే అన్నారా!

కానీ కోనప్ప, "ఇంతే పెద్దాయనా" అనేసి వచ్చాడు.

"మా తమ్ముడి పేరు చెప్పలేదేమయ్యా?" అంది రంగమ్మ.

"ఓసి పిచ్చిదానా! ఇంటి మనుషుల్ని వేలుపెట్టి లెక్కపెడితే దిష్టి తగలదూ?" అన్నాడు కోనప్ప.

మర్నాడు ఓబులమ్మవ్వ మళ్ళీ చావడికి నడిచింది. పొరుగింటావిడ సాయానికొచ్చి రెండు తట్టల మట్టి మోసిందట. ఇంకో మానికెడు జొన్నలు, ఇంకో ముడి.

"చూశావా, అవ్వ వెళ్ళింది. నువ్వూ వెళ్ళు" అంది రంగమ్మ.

"బామ్మర్దిని తీసుకెళ్ళి కూలీల వరసలో ముడేయించమంటావా? నలుగురూ నవ్వరూ? నా పరువేం కాను?" అన్నాడు కోనప్ప.

మూడోనాడు అవ్వ మళ్ళీ వెళ్ళింది. ఆ, ఇక్కడే కళ్ళు తెరవండి, గాడిద వచ్చేసింది!

"నాయనా, మా గాడిదకు కూడా ఒక ముడి వెయ్యి" అంది అవ్వ.

గురవయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పనిలో చెయ్యి పెట్టేవాళ్ళకే అవ్వా ముడి. దానికి చేతులేవీ?"

"నాలుగు కాళ్ళూ పెడుతోంది, చాలదూ? రాళ్ళన్నీ మోసేది అదే. నా మేస్త్రులు మధ్యాహ్నం కునుకు తీస్తారు, అది అదీ తియ్యదు."

గురవయ్య గడ్డం గోక్కున్నాడు. మానికెడు జొన్నలు పోయించుకుని ఒక లావుపాటి ముడి వేశాడు. ఊరంతా పగలబడి నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు కోనప్పే.

"నవ్వింది చాలు, వెళ్ళి చెప్పి రా" అంది రంగమ్మ.

"రేపు దూలమెత్తితే పని అయిపోతుంది. ఒక్క పూట భాగ్యానికి ఇప్పుడు చెబుతారా ఎవరైనా?" అన్నాడు కోనప్ప.

రేపు రానే వచ్చింది. పొద్దున్నే అవ్వ గాడిద సున్నం గుంటలో కాలు జారి కూలబడింది. వైద్యుడు సంచీ పట్టుకుని పరుగున వచ్చాడు. వెనకే గురవయ్యా వచ్చాడు. గాడిద కాలికి వెదురుబద్దలు పెట్టి కట్టు కడుతుంటే, అది వైద్యుడి తలపాగా అంచు నములుతూ నిలబడింది.

సరిగ్గా అప్పుడే ఎదురింట్లో దూలం పైకి లేచింది. తిరుపాలు పరంజా మీద నిలబడి, దాని కొన అందుకుని గోడకెక్కించాడు. దూలం కుదురుకుంది గానీ, కాలి కింద పరంజా కర్ర ఫెళ్ళుమంది. దభీమని కిందపడ్డాడు. కుడికాలు విరిగింది.

"అయ్యో తమ్ముడూ!" అని రంగమ్మ గుండెలు బాదుకుంది. తొలకరి అప్పటికే పడింది. వారంలో దుక్కి దున్నకపోతే విత్తనం లేదు, విత్తనం లేకపోతే తిరుపాలు పిల్లలకు ఆ యేడు తిండి లేదు.

వీధికి అవతల వైద్యుడు. ఇవతల బామ్మర్ది. పిలిస్తే తను దాచింది బయటపడుతుందని కోనప్ప వెనక్కి జరిగాడు.

అరుపులు విని గురవయ్యే వచ్చాడు. "ఎవరితను? నీ తాడుకి ఆరు ముళ్ళే, ఆరుగురూ ఇక్కడే నిలబడ్డారు గదా?"

కోనప్ప తల వేలాడేశాడు. తిరుపాలు బావ ముఖం చూశాడు. అంత నొప్పిలోనూ అతనికి సంగతి అర్థమైంది.

"నేను పనిలో పడలేదు పెద్దాయనా. దారిన పోతూ చింతచెట్టెక్కాను, కొమ్మ విరిగింది" అన్నాడు.

గురవయ్య అతణ్ణి ఎగాదిగా చూశాడు. జుట్టు నిండా సున్నం, మీసాల నిండా సున్నం, చేతిలో తాపీ.

"చింతచెట్టుకు సున్నం కొడుతున్నావా నాయనా?" అన్నాడు. "సరే. చెట్టు మీంచి పడితే చావడి పట్టించుకోదు. అదే నిజమంటావా? వెళ్ళమంటావా?"

తిరుపాలు పళ్ళు బిగించి, "వెళ్ళండి" అన్నాడు.

ఆ ఒక్క మాటకి కోనప్ప గుండె చెరువైపోయింది.

"ఆగండి పెద్దాయనా!" అని వీధంతా వినపడేలా అరిచాడు. "వీడు నా బామ్మర్ది. నా ఇంటి పరంజా మీంచే పడ్డాడు. మూడు రోజులు నా గోడ కట్టాడు, నేనే వీడి పేరు చెప్పలేదు. నా పరువు కాపాడ్డానికి అబద్ధమాడుతున్నాడు. గాడిదకున్న పాటి ముడి నా బామ్మర్దికి లేకుండా చేసిన మూర్ఖుణ్ణి నేనే!" అని భోరుమన్నాడు.

గురవయ్య వైద్యుడికి చెయ్యూపాడు. "ముందు తిరుపాలుకు కట్టు కట్టు. దాచింది అతను కాడు గదా, అతనికెందుకు శిక్ష?" తర్వాత కోనప్ప వైపు తిరిగాడు. "దాచింది నువ్వు. కనుక అతని ఇంటికి జొన్నలు నీ ఇంటి నుంచే వెళతాయి. అతని పొలం నువ్వే దున్నాలి. అతను తన కాళ్ళ మీద నడిచొచ్చేదాకా నీ కొత్తింట్లో పాలు పొంగకూడదు. సరేనా?"

"సరే, సరే, సరే!" అన్నాడు కోనప్ప, కళ్ళు తుడుచుకుంటూ.

ఇక చూడాలి ఆ దుక్కి! తమలపాకులు తప్ప ఏదీ పట్టని చెయ్యి నాగలి మేడి పట్టింది. ఎడ్లు ఒక దారి, కోనప్ప ఒక దారి. చాళ్ళన్నీ పాము పాకినట్టు వంకరటింకర. గట్టు మీద మంచమేసుకుని పడుకున్న తిరుపాలు నవ్వలేక చచ్చాడు.

"బావా! అది మేడి, ఆకు కాదు! గట్టిగా పట్టు!"

"నువ్వు ముందు కాలు కదపకుండా పడుకోరా!" అని అరిచేవాడు కోనప్ప.

ఎలాగైతేనేం, తడి ఆరకముందే విత్తనం పడింది. వంకర చాళ్ళలోనే పైరు నిటారుగా లేచింది.

మూడు నెలలకు గృహప్రవేశం. ఓబులమ్మవ్వ గాడిదకు బంతిపూల దండ వేసి ముందు వరసలో నిలబెట్టారు. గడప ముందు తిరుపాలు నిలబడ్డాడు. "కుడికాలు ముందు పెట్టు నాయనా" అంది అవ్వ. కట్టు విప్పిన ఆ కుడికాలే ముందు పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గడప దాటాడు. లోపల పాలు బుసబుసా పొంగాయి. రంగమ్మ నవ్వుతూనే ఏడ్చింది.

విందులో కోనప్ప విస్తళ్ళ ముందు నిలబడి, ఒక్కొక్కరికీ వేలు చూపిస్తూ, "మా బామ్మర్ది ఒకడు, అవ్వ రెండు..." అంటూ పైకే లెక్కపెట్టాడు.

"అయ్యయ్యో, దిష్టిరా!" అన్నారు ముసలమ్మలు.

"దిష్టి తగిలితే గుమ్మడికాయ కొడదాం అత్తా. పేరు చెప్పకుండా దాస్తే ఏ కాయ కొట్టాలి?" అన్నాడు కోనప్ప.

మరుసటేడు అతను పశువుల కొట్టం వేశాడు. ఒక్క గుంజ పాతకముందే చావడికి వెళ్ళి పేర్లన్నీ ఏకరువు పెట్టాడు. మొదటి పేరు బామ్మర్దిది. చివర్న, "మా దిష్టిబొమ్మకు కూడా ఒక ముడి వెయ్యండి పెద్దాయనా" అన్నాడు.

"పోరా పో! అది పడితే కట్టు కట్టేది లేదు!" అని నవ్వుతూ తరిమాడు గురవయ్య.

కనుక పిల్లలూ, మన పనికి చెయ్యి కలిపినవారి పేరు చెప్పవలసిన చోట, చెప్పవలసిన వేళకే ఉన్నదున్నట్టు చెప్పాలి. మనం దాచిన నిజం, మనల్ని నమ్మి పరంజా ఎక్కినవాడు పడిననాడు, అతనికి అందాల్సిన కట్టును అందకుండా చేస్తుంది.