చిలకపచ్చ పెళ్ళికొడుకు

పిడతలపూడిలో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే కోటిలింగం తన ఇంటి అడ్రసు చెబుతాడు. భార్య రాజరత్నం పిన్‌కోడు కూడా చెబుతుంది. తమ్ముడు తాతబ్బాయి అయితే అడిగినవాళ్ళు దారి తప్పకుండా వెంటబెట్టుకుని తీసుకొచ్చేస్తాడు.

"మాకు పెద్ద ఆస్తులేం లేవండీ. చెప్పిన మాట చెప్పినట్టు చేసే బుద్ధి ఉంది. అంతే" అంటాడు కోటిలింగం. ఆ బుద్ధి వల్లే తాతబ్బాయికి నలభై దాటినా పెళ్ళి కాలేదు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తండ్రి "మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. ఇంకేముంది, తాతబ్బాయి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ఆయన మంచమెక్కి నిద్రపోయాడు. లేపితే "మా ఇంట్లో నన్ను లేపడానికి మీరెవరు?" అని కసిరాడు.

ఇప్పుడు వంతు కోటిలింగం కొడుకు చక్రధరానిది. పెళ్ళిళ్ళు కుదిర్చే కామేశం గారు ఒక సంబంధం తెచ్చారు. అమ్మాయి పేరు హైమ. ఫోన్లో పంపిన ఫోటోలో ఆ పిల్ల ఎవరో అప్పుడే జోకు వేసినట్టు నవ్వుతోంది. ఆ నవ్వు చూసిన దగ్గర్నుంచీ చక్రధరం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోతున్నాడు.

"చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకుంటాను నాన్నా. లేకపోతే బాబాయిలా ఉండిపోతాను" అన్నాడు.

"అంత పని చెయ్యకురా" అని తాతబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. "బట్టలు మనమే ఉతుక్కోవాలి."

కామేశం గారు మాత్రం ముందే హెచ్చరించారు. "అమ్మాయి నాన్న గవర్రాజు గారు ఒకసారి దెబ్బతిన్నారండీ. ఫోటోలో ఒకడు, ఎదురుగా వచ్చి కూర్చున్నది ఇంకొకడు. అందుకే కాగితం మీద ఫోటో ఇమ్మంటున్నారు. అందులో ఎలా ఉన్నాడో అబ్బాయి అచ్చం అలాగే ఉండాలి. పిసరంత తేడా వచ్చినా కాఫీ కూడా ఇవ్వకుండా పంపేస్తారు."

"కాఫీ కూడా ఇవ్వరా!" అని రాజరత్నం గుండెలు బాదుకుంది.

ఇంట్లో ప్రింటరుంది. దాన్లో సిరా లేదు. స్టూడియోకి వెళ్ళొచ్చు కానీ, ఇంట్లో ప్రింటరు పెట్టుకుని బయట ఫోటో తీయిస్తే నలుగురూ నవ్వరూ? కంపెనీ సిరా ధర వింటే కోటిలింగానికి ఆయాసం వస్తుంది. అందుకని అన్నదమ్ములిద్దరూ బజారుకెళ్ళి, సీసాల్లో అమ్మే చవక రీఫిల్ ఇంకు అడిగారు.

"ఏ ప్రింటరుకండీ?" అన్నాడు కొట్టతను.

"మా ప్రింటరుకే. పక్కింటివాళ్ళ దానికి మేమెందుకు కొంటాం?" అన్నాడు తాతబ్బాయి.

కొట్టతను ఇద్దర్నీ ఎగాదిగా చూసి, చిన్నపిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "సీసాలు బాగా ఊపి, ఈ సిరంజీతో ఎక్కించండి. ఒక రంగు ఇంకో రంగులో కలవనివ్వకండి. ప్రింటు తొందరగా ఆరదు, నీడన పెట్టండి. తడి ఆరేదాకా ఫోటో ముట్టుకోవద్దు."

ఇంటికొచ్చి తాతబ్బాయి సిరంజీ పట్టుకున్నాడు. సూది చూడగానే రాజరత్నానికి జాలేసింది. "పరగడుపున పొడవకు మరిదీ, పాపం కళ్ళు తిరుగుతాయి" అని ప్రింటరుకి ముందుగా రెండు కాగితాలు తినిపించింది. చక్రధరం అది కదలకుండా నొక్కి పట్టుకున్నాడు. తాతబ్బాయి నాలుగు రంగులూ ఎక్కించాడు. పొడిచిన చోటల్లా రాజరత్నం దూదితో రుద్దింది. సీసాలన్నీ ఖాళీ అయ్యాక కోటిలింగం ఉలిక్కిపడ్డాడు.

"ఒరేయ్, ఊపడం మరిచిపోయాంరా!"

తాతబ్బాయి గబగబా ఖాళీ సీసా తీసుకుని ఊపడం మొదలెట్టాడు.

"ఖాళీ సీసా ఊపితే ఏం లాభంరా మొద్దూ? సిరా ఎక్కడుందో అది ఊపాలి!"

అంతే. ప్రింటరుని ఉయ్యాలబల్ల మీద పడుకోబెట్టి, జారకుండా పాత చీరతో కట్టారు. అన్నదమ్ములు చెరో పక్క నిలబడి ఊపారు. ఉయ్యాల ఊగుతుంటే ఊరికే ఉండటం బాగుండదని రాజరత్నం జోల పాడింది. "చాలు వదినా, అది నిద్రపోతే ఫోటో ఎవరు తీస్తారు?" అని తాతబ్బాయి ఆపాడు. ఈలోగా లోపల నీలం వెళ్ళి పసుపులో పడింది, పసుపు వెళ్ళి నీలంలో పడింది. రంగులు కలవనివ్వొద్దన్నాడు కదా అని మీరడగొచ్చు. వీళ్ళేం కలవనివ్వలేదండీ. అవే కలిశాయి.

ఫోటో బయటికొచ్చింది. చక్రధరం ముఖం చిలకపచ్చగా ఉంది.

"నేనిలా ఉంటానా నాన్నా? ఫోన్లో బాగానే ఉన్నాను" అన్నాడు చక్రధరం బెంగగా.

"ఫోన్లో అందరూ బాగానే ఉంటార్రా. కాగితం మీదికొస్తే గానీ అసలు రంగు బయటపడదు" అన్నాడు కోటిలింగం. ఆ నమ్మకంతోనే ఫోన్లో ఉన్న హైమ ఫోటో కూడా ప్రింటు తీశాడు. ఆ పిల్లా చిలకపచ్చే. పైగా బుగ్గల మీద అడ్డంగా మూడు తెల్ల చారలు. "ఈడూ జోడూ కుదిరింది" అని రాజరత్నం మెటికలు విరిచింది.

ఇక నీడన పెట్టాలి. ఇంట్లో పెడదామంటే కోటిలింగం ఒప్పుకోలేదు. "ఇంట్లో ఉన్నది ఇల్లు. నీడ బయటే ఉంటుంది." బయటేమో మిట్టమధ్యాహ్నం. ఫోటోల్ని బట్టలు ఆరేసే తీగకి క్లిప్పులు పెట్టి, తాతబ్బాయిని గొడుగిచ్చి నిలబెట్టారు. చక్రధరం ఫోటోలో మీసం మీద ఈగ వాలింది. ముట్టుకోవద్దన్నది ఫోటోనే గానీ ఈగని కాదు కదా అని తాతబ్బాయి ఒక్కటిచ్చాడు. ఈగ ఎగిరిపోయింది. మీసం ఎడమ చెవిదాకా సాగింది.

కోటిలింగం ఆ ఫోటోని కవర్లో పెట్టి అంటించాడు. కామేశం గారు విప్పకుండానే పట్టుకెళ్ళారు. గవర్రాజు గారు మంచివాడు. చూసి నవ్వుకుని, "ఇంట్లో ప్రింటరు కాబోలు, మాదీ ఇంతే" అనుకుని ఆదివారం రమ్మన్నాడు. ఆ కబురు ఫోన్లో చెబుతూ కామేశం గారు "గుర్తుందిగా, ఫోటోలో ఎలా ఉన్నాడో అచ్చం అలాగే!" అని పెట్టేశారు.

అందరూ చక్రధరం వైపు తిరిగారు. వాడి ముఖం ఎప్పటిలాగే చామనఛాయగా ఉంది. మీసం పెదవి దగ్గరే ఆగిపోయింది.

"కొంప మునిగింది!" అన్నాడు కోటిలింగం.

చక్రధరం భోరుమన్నాడు. "నాకా అమ్మాయి దక్కదు నాన్నా!"

"ఏడవకురా. ఫోటో వెళ్ళిపోయింది, దాన్నేం మార్చలేం. మారాల్సింది నువ్వే."

ఇంకేముంది, ప్రింటరులోకి ఎక్కించిన సిరాని మళ్ళీ సిరంజీతో బయటికి లాగారు. ఆదివారం పొద్దున్నే రాజరత్నం కొడుకు ముఖానికి దూదితో పట్టించింది. మీసం మాత్రం తాతబ్బాయి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. "అది నా చేతిపని" అని ఎడమ చెవిదాకా తనే లాగాడు.

నలుగురూ వెళ్ళి తలుపు కొడితే, గవర్రాజు గారు తీసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆ ఫోటో పక్కన పెట్టి చూసుకోండి" అన్నాడు కోటిలింగం ఛాతీ విరుచుకుని. "పిసరంత తేడా ఉంటే చెప్పండి!"

ఆయన ఫోటో చూశాడు, చక్రధరాన్ని చూశాడు. తేడా నిజంగానే లేదు. "కాఫీ తీసుకురామ్మా" అన్నాడు నీరసంగా. రాజరత్నం మొగుడి వైపు గర్వంగా చూసింది.

హైమ కాఫీ తెచ్చి, పెళ్ళికొడుకుని చూసి, ట్రే కింద పెట్టేసి పకపకా నవ్వింది. ఫోన్లో ఉన్న నవ్వే. చక్రధరానికి పచ్చటి చెమటలు కారాయి.

"ఎందుకండీ ఇలా?" అందామె నవ్వాపుకోలేక.

"తేడా వస్తే మీరు కాదంటారని భయమేసిందండీ" అన్నాడు చక్రధరం.

హైమ నవ్వాపి అతన్ని కాసేపు చూసింది. పాపం, ఆ పచ్చరంగు కింద నిజంగానే భయపడుతున్నాడు. "నాన్నా, ఈయన అబద్ధమాడమన్నా ఆడలేరు. నాకిష్టమే" అంది.

"మీకిష్టమే గానీ, అసలు మీరెవరు?" అంటూ లేచాడు కోటిలింగం. జేబులోంచి హైమ ఫోటో తీసి అందరికీ చూపించాడు. "ఈ పచ్చరంగేదీ? ఈ చారలేవీ? ఫోటోలో ఒకరిని పెట్టి ఇంకొకర్ని చూపిస్తారా? మోసం! పదండి!"

"ఈవిడ కూడా బాగానే ఉన్నారు నాన్నా" అని చక్రధరం ఏడుపు గొంతుతో బతిమాలాడు.

"మాటంటే మాటేరా. పద!"

వాళ్ళు గుమ్మం దాటబోతుండగా హైమ పరుగున వచ్చి చక్రధరం చేతికి ఒక గుడ్డ ఇచ్చింది. "ముఖం తుడవండి."

"ఎవరిదండీ?"

"మీదే!"

అతను తుడిచిచ్చిన గుడ్డతో ఆమె తన ముఖమంతా పామేసుకుంది. బుగ్గల మీద వేళ్ళతో మూడు చారలు గీసుకుంది. "ఇప్పుడు చూడండి మామయ్యగారూ."

కోటిలింగం ఫోటో ఎత్తి పట్టుకుని చూశాడు. "ఆఁ! ఈవిడే! ఇంతసేపూ లోపలెందుకు కూర్చున్నావమ్మా?"

అప్పటికప్పుడు తాంబూలాలు పుచ్చుకున్నారు. చక్రధరం ఆనందానికి హద్దు లేదు. బయల్దేరేముందు రాజరత్నం గవర్రాజు గారిని పక్కకి పిలిచి గొంతు తగ్గించింది.

"మరోలా అనుకోకండి అన్నయ్యగారూ. ఇందాక కాఫీ తెచ్చిందే, చారల్లేని పిల్ల, అదీ నవ్వుతూ భలే ఉంది. ఆ పిల్లకి కూడా సంబంధాలు చూస్తున్నారా? మా తాతబ్బాయి ఖాళీగానే ఉన్నాడు."

వెనకాల తాతబ్బాయి అప్పటికే సిగ్గుపడుతూ, ఆ పిల్లది కాగితం మీద ఫోటో ఇమ్మని చెయ్యి చాపాడు.