చెవిల ఊదని కొంరవ్వ

నేను చెప్పే ముచ్చట మీరు నమ్మరు. గొంగడి మీద ఒట్టు, నా మీసం మీద ఒట్టు, నమ్మనే నమ్మరు. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుకోండ్రి. తర్వాత నవ్వు రాదు.

అనగా అనగా అని అందరు మొదలువెడ్తరు గద, ఆ అనగా పుట్టకముందటి ముచ్చట ఇది. అప్పుడు జీవాలు మాట్లాడేటియి. అదేం పెద్ద ఇచ్చంత్రం కాదు. మనుషులు ఇనేటోళ్లు, గదీ ఇచ్చంత్రం.

ఎర్రగుట్ట కింద ఏడాదికోసారి జీవాల జాతర అయ్యేది. గొర్లు, మేకలు, కోళ్లు, రంగులేసిన కొమ్ముల పొట్టేళ్లు. జనం ఎంతంటే, పొద్దుగాల చెయ్యిజారిన ఆవగింజ పొద్దుగూకినా నేల తాకలే. ఆ జాతరకు రాజే వచ్చేటోడు. జాతర బంతి భోజనాలకు ఎవరి పొట్టేలును కోస్తే, గుట్ట మీది గడ్డి ఆ ఏడాది వాళ్లదే.

కాని రాజు ఎంచేది బరువు చూసి కాదు. పెంచినోళ్లే పొట్టేలు వీపు మీద పసుపునీళ్లు చల్లాలె. అది కొమ్ముల కాడికెల్లి తోక దాక ఒళ్లు దులుపుకుంటే, "సరే, నన్ను తీస్కపొండ్రి" అన్నట్టు. దులుపుకోకపోతే దాన్ని ముట్టద్దు. ఒక్కొక్కరు మూడుసార్లు అడగచ్చు. నాలుగోసారి లేదు.

ఆ ఏడాది పోటీకి ఇద్దరే నిలబడ్డరు.

ఒకడు గంగారం సావుకారి. పుట్టిన గొర్రెపిల్లను పుట్టినట్టే చీకటి కొట్టంల ఏసేటోడు. కదలకుంట కాళ్లకు కట్లు. దాణాల ఉప్పు కలిపేటోడు, దూప అయ్యి కడుపు పగిలేటట్టు నీళ్లు తాగి బరువు తూగాలని. వాని పొట్టేలును నలుగురు మొగోళ్లు కట్టెకు కట్టి మోస్కొచ్చిండ్రు.

ఇంకొకామె కొంరవ్వ. ఆమె మంద ఆ గుట్ట మీదనే పుట్టింది, ఆ గుట్ట మీదనే మేసింది. గుట్ట సావుకారి చేతికి పోతే గడ్డి లేదు. గడ్డి లేకపోతే మందంత వాని చీకటి కొట్టానికే. ఆమెతోని మూడు పొట్టేళ్లు నడిచొచ్చినయి. పడుచు బొల్లోడు, వాని తోడు కర్రోడు, వాళ్ల ముంగట మెడల గంటతోని ముసలి గంటలయ్య. బొల్లోడు గంటలయ్య కొడుకే.

సావుకారి ముందుగాల చల్లిండు. నీళ్లు వీపు మీదికెల్లి మొకం మీదికి జారినయి. పొట్టేలు దులుపుకోలే. నాలుక సాపి ఆ నీళ్లు నాకింది. కింద మట్టిల పడ్డ చుక్క గూడ నాకింది.

"దూపతో ఉన్నది, అంతే," అన్నడు సావుకారి. రెండోసారి చెంబెడు గుమ్మరిచ్చిండు. అప్పుడా పొట్టేలు మెడ ఎత్తి, కండ్లు సగం మూసి, అడిగింది.

"పైన మండుతున్న ఆ దీపం ఎవలు పెట్టిండ్రు?"

జనమంత పైకి చూసిండ్రు. అది పుట్టినకాడికెల్లి సూర్యున్ని చూడలే.

సావుకారి మూడోసారి చల్లిండు. చల్లుకుంట వంగి, దాని చెవిల ఉఫ్ఫుమని ఊదిండు. పొట్టేలు తల విదిలిచ్చింది. దాంతోనే మోకాళ్లు ముడిచి కూలవడ్డది. ఎన్నడన్న నడిస్తె గద, కాళ్లకు జీవం ఉండనీకె!

"దులిపింది రాజా! అందరు సూసిండ్రు!"

రాజు గడ్డం గీక్కున్నడు. "తలైతె ఊపింది. అవ్వ వంతు కానీ. ఆమె పొట్టేళ్లు ఏవీ ఒప్పుకోకపోతే నీదే గెలుపు."

కొంరవ్వ బొల్లోని మీద నీళ్లు చల్లింది. వాడు ఆమె మొకం దిక్కు చూసుకుంట నిలబడ్డడు. గోరంత గూడ కదల్లే.

"పో బిడ్డా," అని తాడు ఇప్పింది.

"ఇంకోసారి అడుగవ్వా, పడుచు పొట్టేలు!" అన్నరు జనం.

"లేదన్నోన్ని మల్ల అడిగితే అది అడుగుడు కాదు, సతాయించుడు," అన్నది.

కర్రోని మీద చల్లింది. వాడు నీళ్లనే పట్టిచ్చుకోలే, పక్కకు జరిగి గడ్డి కొరికిండు. వాని తాడూ ఇప్పింది.

సావుకారి పకపక నవ్విండు. "ఏందే కొంరవ్వా, పొట్టేళ్లు పెంచినవా, అల్లుండ్లను పెంచినవా? అందరికీ అలకే!"

ఆమె సొంత ఊరోళ్లే ఒర్రిండ్రు. "చెవిల ఊదవ్వా! వాడు ఊదలేదా? ఒక్క ఊదు ఊదితే గుట్ట మనది!"

కొంరవ్వ వాళ్ల దిక్కు తిరిగింది. "ఊదితే అది ఈగ అనుకోని దులుపుతది. అది ఈగకు చెప్పిన జవాబు. నాకు కాదు."

ఇగ మిగిలింది గంటలయ్య. ఆమె చెంబు పట్టింది గని, చెయ్యి లేస్తలేదు.

"చెయ్యెందుకు లేస్తలేదవ్వా?" అన్నడు గంటలయ్య.

"చెంబు బరువున్నది బిడ్డా."

"గింత చెంబు బరువా?"

అవ్వ నీళ్లు చల్లింది. చల్లి, వాని చెవి కాడ మెల్లగ అన్నది. "ఇష్టం లేకపోతే వద్దని చెప్పు. గుట్ట పోతే పోనీ, ఇంకో దిక్కు నడుద్దం."

"నేను పోతే, నా పిల్లలు ఈ గుట్ట మీదనే మేస్తయా?"

"మేస్తయి."

"ఎండ కాగుకుంట పండుకుంటయా?"

"పండుకుంటయి."

"రేపు ఇంకో పొట్టేలు రానంటే?"

"తాడు ఇప్పుత. నీ కొడుకుకు ఇప్పిన, చూసినవ్ గద."

గంటలయ్య గుట్ట దిక్కు చూసిండు. చిన్నప్పుడు కాలు జారిన బండను చూసిండు. చూసి, చూసి, కొమ్ముల కాడికెల్లి తోక దాక ఒళ్లు దులిపిండు. గంట గల్లుమన్నది. ఆ గంట నా చెవులల్ల ఇప్పటికీ మోగుతది.

ఒక్కడు గూడ చప్పట్లు కొట్టలే. కొంరవ్వ వాని తల ఒడిల పెట్టుకున్నది. కండ్ల మీద తన కొంగు కప్పింది. "బిడ్డా, తప్పైతే మన్నించు," అన్నది. ఇగ అక్కడ ఏమైందో నేను చెప్ప. నేను మొకం పక్కకు తిప్పుకున్న.

ఆ పొద్దు అందరు బంతిల కూసోని తిన్నరు. రాజు ఒక్క మెతుకు పారెయ్యలే. తిని, చెయ్యి కడుక్కోని, సావుకారిని పిలిచిండు.

"నీ పొట్టేలు ఈగకు తల ఊపిందిరా. నీకు లేదన్నది. గుట్ట అవ్వది. నీ కొట్టాల తలుపులు పీకించు. నీ జీవాలను ఇయ్యాలటికెల్లి నువ్వే మేపు, అవ్వ ఎనక నడుచుకుంట. నేర్చుకునేదాక నీ మాంసం ఈ జాతరల అమ్మద్దు."

కొంరవ్వ గంటను బొల్లోని మెడల కట్టింది. సావుకారి పొట్టేలును తన గొంగట్ల ఏస్కోని గుట్టెక్కింది. తెల్లారి సూర్యుడు లేస్తుంటే అది మల్ల అడిగింది, "ఆ దీపం ఎవలు పెట్టిండ్రు?" అని. బొల్లోడు గంట ఊపుకుంట, "ఎవలు పెట్టలే. ఎవలూ ఆర్పద్దు, అంతే," అన్నడు.

గందుకే చెప్తున్న పిల్లలూ. తినేదాన్ని బతికినన్ని దినాలు బతుకనియ్యాలె. దాని మాట ఇన్న చేతిదే ముద్ద, ఇనని చేతిది పాపం.

అబద్ధమంటవా? అయితే పో. ఏ మందకన్న పో. చెవిల ఊదకుంట, బెదిరియ్యకుంట, చీకట్ల పెంచిన ఒక్క పొట్టేలుతోని ఒళ్లు దులిపిచ్చి చూపియ్యి. చూపిస్తివా, నా మీసం ఈడనే, నీ ముంగటనే గీస్కుంట!