సింగారి దాచుకున్న ఊదా పువ్వు

జీలుగుకోన అడవిలో ఎంత ఎండ కాసినా ఎండని పెద్ద మడుగు ఒకటి ఉండేది. అందులో పరిగె చేపలు, కప్పలు, ఒక ముసలి తాబేలు బతికేవి. మడుగు నడుమ తుంగదుబ్బులో సింగారి అనే నీటికోడి గూడు కట్టుకుంది. చుట్టూ నీళ్ళే కదా! గట్టు మీది ముంగిస ఆ గూటివైపు చూసి గుటకలు మింగడమే తప్ప ఏమీ చేయలేకపోయేది.

ఒక వానాకాలం వరదకి ఎక్కడినుంచో కొన్ని కొత్త మొక్కలు కొట్టుకొచ్చాయి. నున్నటి ఆకులు, ఊదారంగు పువ్వులు. అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయో! సింగారి కళ్ళు వాటికే అతుక్కుపోయాయి.

తాబేలు మాత్రం హడలిపోయింది.

"ఇది గుర్రపుడెక్క! కాడ బుడగలా ఉబ్బింది చూడండి, అదే గుర్తు. నేను పుట్టిన చెరువుని మింగేసింది ఇదే. ఇప్పుడే వేళ్ళతో సహా గట్టుమీదకి లాగి ఎండబెట్టాలి. ఒక్కటి కూడా మిగలకూడదు."

అందరూ తలో చెయ్యి వేశారు. సింగారి కూడా రెండు మొక్కలు లాగింది. ఒకదాన్ని మాత్రం ఎవరూ చూడకుండా గూటి వెనక దాచేసింది. పాపం, దానికి చెడ్డబుద్ధి ఏమీ లేదు. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి, పైన గద్ద తిరుగుతోంది, ఆ ఆకుల చాటు బాగుంటుందనుకుంది.

"అన్నీ అయిపోయాయా అమ్మా?" అని అడిగింది తాబేలు.

"అయిపోయాయి తాతా! నా మీద నమ్మకం లేదా?" అంది సింగారి మూతి ముడుచుకుని.

కొన్నాళ్ళకి ఆ ఒక్క మొక్క రెండైంది. రెండు నాలుగయ్యాయి. సింగారి గుడ్లు పెట్టేనాటికి గూటి చుట్టూ పచ్చటి చాప పరిచినట్టు అయింది. తాబేలు చూసి లబోదిబోమంది.

"ఇప్పటికైనా పీకేద్దాం, రా తల్లీ!"

"నా గుడ్లకి నీడ అది. ముట్టుకున్నావో, ఊరుకోను!" అని సింగారి ముక్కుతో పొడవబోయింది.

చాప పెరిగి గట్టుని తాకింది. కింద గాలాడక పరిగెలు చచ్చి తేలాయి. నీళ్ళు కంపుకొట్టాయి. తాబేలు మిగిలిన కప్పల్ని వెంటబెట్టుకుని, కొండమీద ఉన్న చిన్న చెలమకి వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం సింగారి మేతకి వెళ్ళి తిరిగొచ్చేసరికి గూటి దగ్గర ఆకులు కదులుతున్నాయి. ముంగిస! కాలు తడవకుండా, ఆ ఆకుల మీదుగానే నడిచొచ్చింది. గూట్లో ఐదు గుడ్ల పెంకులు మిగిలాయి.

సింగారి ఆ ఊదా పువ్వుల మధ్య నిలబడి గొంతు పగిలేలా ఏడ్చింది. ఓదార్చడానికి మడుగులో ఎవరూ లేరు.

చివరికి అదీ చెలమకే చేరింది. తాబేలు పక్కకి జరిగి చోటిచ్చింది. ఇప్పటికీ ఆ చెలమలో ఏ కొత్త ఆకు తేలినా ముందుగా లాగి గట్టున పడేసేది సింగారే. ఆ మొక్క వేళ్ళు పూర్తిగా ఎండేదాకా అక్కడినుంచి కదలదు.

నీతి: కీడు చేసే మొక్క అని తెలిశాక, అందంగా ఉందనో అక్కరకొస్తుందనో ఒక్కదాన్ని కూడా మిగల్చకూడదు.