గీత అవతల కుర్చీ

ఒక బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ తాగుతూ సింగరాయవరం రాజావారు వీరనారాయణ దేవు తనకు కొత్త టెన్నిస్ రాకెట్ కావాలన్నారు.

కారణం లేకపోలేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన రోజూ టెన్నిస్ ఆడుతున్నారు. కోటలో ఎవరితో ఆడినా గెలుస్తారు. ఏటా మాఘమాసంలో పక్క సంస్థానానికి వెళ్లి ఆడితే మాత్రం ఓడిపోతారు. ఈ ఏడాది ఆట శనివారమే.

"నా చేతిలో లోపం లేదు. రాకెట్‌లోనే ఏదో ఉంది. మంచిది ఒకటి ఎంచండి, సాయంత్రం చూస్తాను," అన్నారు రాజావారు.

ఎంచే పని ఇద్దరి మీద పడింది. ఒకరు ఆటల అధికారి రంగప్పనాయుడు. ఆయన మద్రాసులో ఆరు నెలలు ఉండి వచ్చారు. ఆయన్ని కలిసిన అయిదు నిమిషాల్లో ఎవరికైనా ఆ సంగతి తెలిసిపోయేది. రెండోవాడు అప్పలాచారి. కోటలో వీణలు చేసేవాడు. తీగలు బిగించడం వచ్చు కదా అని రాకెట్లూ అతనికే అప్పగించారు.

ఆచారి వీణలు చేసే గది మీద నాయుడుగారి కన్ను ఉంది. గాలీ వెలుతురూ బాగా వచ్చే గది. అందులో బిలియర్డ్స్ బల్ల వేయాలని ఆయన రెండేళ్లుగా చూస్తున్నారు.

"ప్రభూ, ఎవరి రాకెట్ ఓడితే వాళ్ల గది, నా గదైనా ఆచారి గదైనా, ఎదుటివాళ్లకి ఇచ్చేయాలి. అలా అయితే ఇద్దరం శ్రద్ధగా ఎంచుతాం," అన్నారు నాయుడుగారు.

రాజావారికి పందెం అంటే ప్రాణం. వెంటనే సరే అన్నారు. ఆ గది పోతే ఆచారి పని ఆగిపోతుంది. వీణలకి కావలసిన పనస చెక్క ఆరబెట్టుకోవడానికి అతనికి ఇంకో నీడ లేదు.

సాయంత్రం ఐదింటికి అందరూ ఆటస్థలానికి చేరారు. నాయుడుగారి రాకెట్ తేలిక. చట్రం మందం, తీగలు ఎడం ఎడంగా, కాస్త వదులుగా ఉన్నాయి. బంతి తగిలితే చాలు, ఎగిరిపోతుంది. ఆచారి తెచ్చినది బరువు. చట్రం సన్నం, ముఖం చిన్నది, తీగలు దగ్గరగా బిగించి ఉన్నాయి.

"ఇదేమిటయ్యా, పచ్చళ్లు దంచడానికా?" అన్నారు నాయుడుగారు.

"బరువు ఉంటే చేతిలో వణకదండి."

"ప్రభువుల దెబ్బకి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది మరి?"

"బలం ప్రభువుల చేతిలోనే ఉందండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి రాకెట్ సాయం పట్టాలి. ఇరవై రెండేళ్లు ఆడిన చేతికి కావలసింది, వెయ్యమన్న చోట బంతి వేసే రాకెట్."

రాజావారు ముందు నాయుడుగారి రాకెట్ అందుకున్నారు. బంతి రివ్వున పోయి వెనక గీతకి రెండు మూరల అవతల పడింది.

"లోపలే, ప్రభూ," అన్నాడు గీత దగ్గర నిలబడ్డ దఫేదారు.

నాయుడుగారు తలూపారు.

అది ఆ కోట ఆచారం. పెద్ద రాజావారి కాలంలో ఒకాయన బంతి బయట పడిందని ఉన్నమాట అన్నాడు. మర్నాటి నుంచి ఏనుగుల సాలలో పేడ ఎత్తాడు. ఆ తర్వాత ఆ ఆటస్థలంలో రాజుగారి బంతి ఒక్కటీ బయట పడలేదు. ఈ సంగతి అందరికీ తెలుసు, రాజావారికి తప్ప.

తర్వాత ఆయన ఆచారి రాకెట్‌తో కొట్టారు. బంతి గీతకి జానెడు లోపల పడింది.

"లోపలే, ప్రభూ."

"రెండూ లోపలే పడ్డాయి. కానీ నాయుడి రాకెట్‌తో బంతి జోరుగా పోయింది. ఇక చూసేదేముంది?" అన్నారు రాజావారు.

"గది తాళంచెవి తెచ్చావా ఆచారీ?" అన్నారు నాయుడుగారు.

ఆచారి మొలలోంచి తాళంచెవి తీసి పట్టుకున్నాడు. "తెచ్చానండి. ఇచ్చే ముందు ఒక్క కోరిక, ప్రభూ. నాయుడుగారి రాకెట్‌తో పది బంతులు కొట్టండి. ఇంత గొప్ప రాకెట్ ఎంచిన మనిషి దూరంగా నిలబడి చూడటం బాగోలేదు. వెనక గీతకి రెండు మూరల అవతల ఆయనకి కుర్చీ వేయిద్దాం."

"అక్కడెందుకు? ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోంది," అన్నారు నాయుడుగారు కంగారుగా.

"ఆ రాకెట్‌తో కొట్టిన బంతి గీత దాటదు కదండీ. దఫేదారు చెప్పాడు, మీరు తలూపారు."

రాజావారికి ఈ మాట నచ్చింది. కుర్చీ వచ్చింది. నాయుడుగారు జరీ తలపాగా సర్దుకుని, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా కూర్చున్నారు.

రాజావారు ఉత్సాహంగా కొట్టారు. బంతి వల మీదుగా దూసుకుపోయి నాయుడుగారి తలపాగాని ఎగరగొట్టింది.

"లోపలే, ప్రభూ," అన్నాడు దఫేదారు అలవాటు కొద్దీ.

"బయట," అంది కుర్చీ కిందనుంచి ఒక గొంతు.

రాజావారు రాకెట్ దించారు. "ఏమన్నావు నాయుడూ?"

"బయట, ప్రభూ. రెండు మూరలు బయట. ఇందాకటిదీ బయటే. నిన్నటివీ బయటే."

ఆచారి వినయంగా ముందుకు వంగాడు.

"ఇంకా తొమ్మిది ఉన్నాయి నాయుడుగారూ. ఏ రాకెట్‌తో కొట్టమంటారు?"

నాయుడుగారు కుర్చీ కిందనుంచే చెయ్యి చాపి ఆచారి రాకెట్ చూపించారు.

రాజావారు తలపాగా వైపు చూశారు. దఫేదారు వైపు చూశారు. దఫేదారు ఆకాశం వైపు చూశాడు. ముందు రాజావారి భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. చివరికి ఆయన వలని పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆయన నవ్వాక ఇంకెవరూ ఆపుకోలేదు.

మిగతా తొమ్మిదీ ఆచారి రాకెట్‌తో కొట్టారు. తొమ్మిదీ లోపలే పడ్డాయి. ప్రతి బంతికీ దఫేదారు కంటే ముందే "లోపలే" అని అరిచింది నాయుడుగారే.

"శనివారం ఇదే పట్టుకెళ్తాను," అన్నారు రాజావారు చెమట తుడుచుకుంటూ. "ఆచారీ, మా తోటలోంచి రెండు బళ్ల పనస దుంగలు నీకు బహుమానం. ఎక్కడ దింపించమంటావు?"

ఆచారి తాళంచెవి మళ్లీ మొలలో దోపుకున్నాడు.

"నాయుడుగారి గదిలోనండి. పందెం ప్రకారం అదిప్పుడు నాదే."