నేతి గరిటె ఎవరి మాట వినాలి?

అమరగిరి రాజ్యంలో బాటసారులకు భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లొకటి ఉండేది. దాని యజమాని విశ్వపతి మహా ధర్మాత్ముడు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. వడ్డించే చెంచన్నకు మాత్రం పైసా జీతం ఇచ్చేవాడు కాదు.

"తిన్నవాళ్లు సంతోషించి ఇచ్చేదే నీ జీతంరా. వాళ్లే నీ యజమానులు. మధ్యలో నేనెవర్ని?" అనేవాడు.

ఏడాదిపాటు చెంచన్న ఆ మాట ఊరికే విన్నాడు. ఒకరోజు నిజంగానే నమ్మాడు.

ఆ పూట బంతిలో నెయ్యి అడిగినవాళ్లకల్లా గరిటె నిండా పోశాడు. అడగనివాళ్లకి బతిమాలి మరీ పోశాడు. విశ్వపతి గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, చుక్క వెయ్యమంటే చెరువు చేస్తావా? ఫో! ఈ క్షణం నుంచి నీకు పని లేదు!"

"మధ్యలో తమరెవరండీ?" అన్నాడు చెంచన్న ఎంతో వినయంగా. తర్వాత బంతి వైపు తిరిగాడు. "అయ్యలారా, నాకు జీతమిచ్చే యజమానులు మీరే. నన్ను తీసేయమంటారా?"

"తీసేయడమేంటి? ఇంకో గరిటె పొయ్యి!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

నేతికుండ అడుగు కనబడేసరికి ధర్మాత్ముడు దిగొచ్చాడు. అందరి ముందూ చెంచన్నకు నెలజీతం ఖాయం చేశాడు.

మర్నాడు అన్నంలో ఒక్క చుక్క నెయ్యి పడేసరికి, నిన్న తిన్న బాటసారి గుర్రుమన్నాడు. "ఏమయ్యా, నిన్నటి చెయ్యి ఏమైపోయింది?"

"నిన్న మీ నౌకర్నండీ," అన్నాడు చెంచన్న గరిటె దులుపుతూ. "ఇవాళ ఆయన నౌకర్ని."